ఏఐతో పాట చేయిస్తున్నారా? హక్కుల తగాదా రాకుండా ఎలా చేయాలి?

సంక్రాంతి నెల పట్టిందంటే కోనసీమలో కుర్రాళ్లందరికీ ఒకటే హడావుడి. ప్రభకి (దేవుణ్ణి ఊరేగించే వెదురు కట్టడం) వెదుళ్లు తేవాలి, జనరేటర్ మాట్లాడాలి, ఊరి పేరు మీద ఒక పాట ఉండాలి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో (జాతరలో) పదకొండు ఊళ్ల ప్రభలు చేరేసరికి మన పాట కూడా వినపడాలి కదా! ఇదివరకు పాట కావాలంటే రాజమండ్రి వెళ్లి స్టూడియోలో వేలకి వేలు పోసేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో నాలుగు ముక్కలు టైప్ చేస్తే ఏఐ యాప్ రెండు నిమిషాల్లో పాట చేతిలో పెడుతోంది. అంత తేలికగా వస్తోంది కాబట్టే అందులో ఎవరి కష్టం కలిసిందో మనం చూసుకోవడం లేదు. నేనూ చూసుకోలేదు. ఆ తప్పు తరవాత నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు పాట ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోండి

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ ప్రకారం నిజమైన మతపరమైన వేడుకలో పాట పాడినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తీర్థంలో ప్రభ ముందు పాట వేస్తే టెన్షన్ పడక్కర్లేదు. అదే పాటని యూట్యూబ్‌లో పెట్టిన క్షణం నుంచి మాత్రం ఆ మినహాయింపు పనికిరాదు. మనవాళ్లు ఇక్కడే పొరపడుతున్నారు. కింద రాసిందంతా పాటని నెట్‌లో పెట్టేవాళ్ల కోసం.

మాటలు మీరే రాయండి

పాట సొంతదారు ఎవరన్న ప్రశ్న వస్తే మీకు ఆధారం మీ రాతే. కంప్యూటర్‌తో తయారైన రచనకి, దాన్ని తయారయ్యేలా చేసిన వ్యక్తే కర్త అని మన చట్టం 2(డి) సెక్షన్‌లో ఉంది. కానీ ఆ మాట 1994లో చేర్చింది. ఇప్పటి ఏఐ యాప్‌లని మనసులో పెట్టుకుని రాసింది కాదు. అమెరికా కాపీరైట్ ఆఫీసైతే 2025 జనవరిలో తేల్చి చెప్పింది: యాప్‌కి ఆదేశాలు టైప్ చేసినంత మాత్రాన ఆ వచ్చినదానికి మీరు కర్త అయిపోరు, మనిషి సృజన కనపడాలి.

కాబట్టి పల్లవి, చరణాలు కాగితం మీద రాయండి. కొట్టివేతలతో సహా ఫొటో తీసి తేదీతో దాచండి. వరస మీకు తడితే కూనిరాగం తీసి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. యాప్ ఏం మార్చినా ఆ మాటలు మీవే.

వరస ఎవరిదో కనుక్కోండి

ఒక పాటలో హక్కు ఒక్కటే అనుకుంటాం. నిజానికి మాటలకి ఒక హక్కు, స్వరానికి ఇంకొకటి, రికార్డింగుకి మరొకటి. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి మళ్లీ వేరే. మాటలకి, స్వరానికి కర్త బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రికార్డింగుకి విడుదలైన ఏడాది తరవాత 60 ఏళ్లు.

అన్నమయ్య కీర్తననే తీసుకోండి. ఆయన 1503లో పరమపదించారు. మాటలు అందరివీ. రాగాల పేర్లు కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద ఉన్నాయి గానీ ఆయన పాడిన వరసలు చాలావరకు మనకి దక్కలేదు. మనం ఇప్పుడు వింటున్న బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు పెద్దలు కట్టినవి. మన రాజమండ్రిలో పుట్టిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు వందల కీర్తనలకి బాణీ కట్టారు. ఆయన 2025 మార్చిలో కన్నుమూశారు. అంటే ఆయన కట్టిన బాణీలకి 2085 చివరి దాకా హక్కు ఉంటుంది, ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా సరే. ‘అన్నమయ్య పాటే కదా, అయిదొందల ఏళ్లయింది’ అని ఆ రికార్డింగుని యాప్‌లోకి ఎక్కించి బీట్ మార్చమంటే అది వేరేవాళ్ల సొత్తు తీసుకోవడమే. మాటలు మాత్రం తీసుకుని, మీ వరస మీరు కట్టుకోండి.

సినిమా పాట ట్యూన్‌లో దేవుడి మాటలు పెట్టడం మన దగ్గర పాత అలవాటే. ఏఐతో చేసినా అది అనుకరణే. మానేయండి.

పేరున్న గొంతు అడగొద్దు

‘బాలుగారి గొంతుతో పాడించెయ్’ అని మా కుర్రాళ్లే నన్ను అడిగారు. ఆయన మీద ప్రేమతో అడిగారని నాకు తెలుసు. కానీ ఒక తెలుగు సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని ఏఐతో వాడారని, తమని అడగలేదని ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. తండ్రి పోయి నాలుగేళ్లయినా కాలేదు. ఆ గొంతు ఎక్కడో కొత్త మాటలు పలుకుతుంటే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. అదే ఏడాది జులైలో బొంబాయి హైకోర్టు, హిందీ గాయకుడు అరిజిత్ సింగ్ అనుమతి లేకుండా ఆయన గొంతుని ఏఐతో తయారు చేయడం కుదరదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పద్ధతిగా చేసినవాళ్లూ ఉన్నారు. ఏ.ఆర్. రెహమాన్ చనిపోయిన ఇద్దరు తమిళ గాయకుల గొంతుల్ని ఏఐతో వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ఆయనే చెప్పారు.

మీ ఊరి కళాకారుల్ని అడగండి, కాగితం రాయండి

నా తప్పు ఇక్కడే జరిగింది. మా ఊళ్లో సన్నాయి వాయించే బాబాయ్ ఒకాయన ఉన్నారు. కాలవ గట్టు మీద కూర్చుని, సన్నాయి పీకని నాలుకతో తడుపుకుని, మొదటి స్వరాన్ని కాసేపు నిలబెట్టి, ఆఖర్న చిన్నగా విరిచి కిందికి దించుతారు. ఆ విరుపు ఇంకెవరి దగ్గరా వినలేదు నేను. నలభై సెకన్లు ఫోన్‌లో పట్టి, ఆయన్ని అడక్కుండానే యాప్‌లోకి ఎక్కించి ‘ఇలాగే కావాలి’ అన్నాను. పాట బ్రహ్మాండంగా వచ్చింది. నెట్‌లో పెట్టాను. మరుసటేడు పక్క ఊరి ట్రాక్టర్ మీద అదే మోగుతుంటే బాబాయ్ విని మా ఇంటికి వచ్చారు.

“బాబూ, ఆ విరుపు మా నాన్నగారిదండి. అందులోకి ఎలా వచ్చిందండి?” అన్నారు. డబ్బులు అడగలేదు, కేకలేయలేదు. నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే వీడియో తీసేశాను గానీ, అప్పటికే ఫోన్లలోకి వెళ్లిపోయింది వెనక్కి రాదు కదా.

చట్టం ఆయన్ని మర్చిపోలేదు, మర్చిపోయింది నేనే. ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో చెప్పేచోట గాయకుడితో పాటు గారడీవాడిని, పాములాడించేవాడిని కూడా పేరు పెట్టి రాశారు. వాయించినదాన్ని రికార్డు చేయడానికి, కాపీ చేయడానికి, ఎలక్ట్రానిక్‌గా దాచడానికి కూడా ఆ మనిషి అనుమతి కావాలి. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తరవాత, తన పేరు వేయమని అడిగే హక్కు కూడా ఉంది. నాట్ల పాటకి రాసినవాడెవరో తెలియకపోవచ్చు. చేలో వంగి నాటుతూ దాన్ని మీ ఫోన్‌లోకి పాడిన పెద్దమ్మ మాత్రం ఎదురుగానే ఉంది కదా.

కాగితానికి వకీలు అక్కర్లేదు, తెలుగులో ఒక పేజీ చాలు. ఎవరు ఏం వాయించారు, ఎంత ఇచ్చారు, ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నేళ్లు వాడతారు. గడువు రాయకపోతే హక్కు బదిలీ అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని చట్టం అనుకుంటుంది. వీటితో పాటు ఒక వాక్యం విడిగా రాయండి: ‘ఈ రికార్డింగుని ఏఐ యాప్‌లోకి ఎక్కించవచ్చు’ లేదా ‘ఎక్కించకూడదు’. ఎక్కిస్తే ఏమవుతుందో చదివి వినిపించి, అర్థమయ్యాకే సంతకం పెట్టించుకోండి. డబ్బులు కూడా అప్పుడే చేతికి ఇచ్చేయండి, తీర్థం అయ్యాక చూద్దాం అనకండి.

యాప్ షరతులు

చాలా యాప్‌లలో ఉచిత ప్లాన్‌తో చేసిన పాట మీద డబ్బు సంపాదించకూడదు. తరవాత డబ్బు కట్టినా, ముందు చేసిన పాటకి ఆ అనుమతి సాధారణంగా వర్తించదు. పాట చేసిన రోజు ఉన్న షరతుల పేజీని స్క్రీన్‌షాట్ తీసి రసీదుతో కలిపి ఉంచండి. ఈ యాప్‌లు ఏ పాటలు విని నేర్చుకున్నాయన్నది వేరే పెద్ద తగాదా. 2024 జూన్‌లో అమెరికాలో పెద్ద మ్యూజిక్ కంపెనీలు సునో, యుడియో అనే ఏఐ పాటల యాప్‌ల మీద కేసులు వేశాయి. వచ్చిన పాట ఎక్కడో విన్నట్టు అనిపిస్తే, ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించండి. పాత పాటలు వాళ్లు ఇట్టే పట్టేస్తారు. అనుమానం ఉంటే ఆ పాట వదిలేయండి.

పెట్టేటప్పుడు

యూట్యూబ్‌లో ఏఐ వాడినట్టు చెప్పే ఆప్షన్ ఉంది, దాన్ని ఎంచుకోండి. కింద వివరాల్లో మాటలు ఎవరివి, సన్నాయి ఎవరిది, ఏఐ ఏం చేసింది అని వేరువేరుగా రాయండి. ఆ పాటని కంటెంట్ ఐడీలో (పాట ఎవరిదో పోల్చి పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు) మీదిగా నమోదు చేయించకండి. యాప్ అలాంటి ముక్కలే ఇంకొకరికీ ఇవ్వొచ్చు, అప్పుడు వాళ్ల వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ (ఈ పాట నాది అన్న దావా) పడుతుంది. మీ మీదే క్లెయిమ్ పడితే, కాగితాలన్నీ ఉంటేనే ఎదురు చెప్పండి. లేకపోతే తీసేయండి. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

ఈ ఏడు పాటకి ముందే కాగితం రాసుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాను. మొత్తం చదివించుకుని, యాప్‌లోకి ఎక్కించే వాక్యం మీద అడ్డంగా గీత గీయించి, మిగతాదానికి సంతకం పెట్టారు. ఆయన వీధి అరుగు మీదే సన్నాయి రికార్డు చేశాం. వెనక తంబుర, వయొలిన్లు యాప్ ఇచ్చింది. డోలు మాత్రం ఆయన అల్లుడు వాయించాడు.