పండగ ముందు ఇంటికొచ్చిన కుక్క: ఏం జరిగితే ఎందుకు, ఏం చేయాలి

మా చుక్కమ్మ దీపావళికి సరిగ్గా పదకొండు రోజుల ముందు మా ఇంటికొచ్చింది. ఇప్పుడైతే అలా తీసుకురాను. సెలవులున్నాయి, పిల్లలు ఇంట్లో ఉంటారు, తొందరగా మచ్చికవుతుంది అని అందరం అనుకుంటాం. కొత్త ఇంటి వాసన ఇంకా ఒంటబట్టకముందే టపాసులు, చుట్టాలు, ప్రయాణాలు అన్నీ ఒకేసారి దాని నెత్తిన పడతాయి. వీలుంటే పండగయ్యాక ఓ వారానికి తెచ్చుకోండి. ఇప్పటికే తెచ్చేసుంటే కింద మీ సమస్య ఏదో వెతుక్కోండి. రాసిందంతా ఎక్కువగా వీధిలో పుట్టిన నాటు కుక్కల గురించే. పిల్లి సంగతి వేరుగా ఉన్నచోట చెప్పాను.

మంచం కింద దూరింది, తిండి ముట్టట్లేదు

ఎందుకు: భయం. వీధిలో పెరిగిన కుక్కకి తిరిగే ఫ్యాను, మిక్సీ మోత, జారే టైల్స్, లిఫ్టు అన్నీ వింతే. అడాప్షన్ చేయించేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకోవడం. అది ఉజ్జాయింపు లెక్కే. మాకు మూడు రోజులన్నది తొమ్మిది రోజులైంది.

ఏం చేయాలి: బయటికి లాగకండి. గిన్నె మంచం పక్కన పెట్టి మీ పని మీరు చూసుకోండి. ఇదివరకు ఏం తినేదో అదే పెట్టండి, పెరుగన్నమైతే పెరుగన్నమే. కొత్త తిండికి వారం పది రోజుల్లో మెల్లగా మార్చవచ్చు. చూడ్డానికి రమ్మని పక్క ఫ్లాట్లవాళ్లని పిలవకండి. పెద్ద కుక్క ఒకరోజు తినకపోతే కంగారు లేదు, రెండోరోజూ ముట్టకపోతే డాక్టరుకి చూపించండి. మూడు నెలల లోపు పిల్ల ఒక్క పూట మానేసి నీరసంగా కనిపించినా ఆగొద్దు. పిల్లులూ అంతే. వరసగా రెండు మూడు రోజులు తినకపోతే వాటికి లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

వచ్చిన వారం లోపే వాంతులు, నీళ్ల విరేచనాలు, అందులో రక్తం

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. "మా అన్నం పడలేదేమో" అని మజ్జిగ పోసి ఒకరోజు చూస్తారు. ఆ ఒక్కరోజే ప్రాణం తీస్తుంది.

టీకాలు పూర్తికాని పిల్లకి ఇలా అయితే ముందు అనుమానించాల్సింది పార్వో. ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సుమారు మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే మీరు తెచ్చిన రోజు గెంతులేసిన పిల్ల, అప్పటికే జబ్బుతో ఉండొచ్చు. మీ తప్పూ కాదు, ఇచ్చినవాళ్లు మోసం చేశారనీ కాదు.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మలంతో చేసే కిట్ టెస్టు నిమిషాల్లో అయిపోతుంది. వైరస్‌ని నేరుగా చంపే మందు మామూలుగా దొరకదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటూ పిల్లని నిలబెట్టడమే వైద్యం. తొందరగా మొదలుపెడితే చాలామటుకు బతుకుతాయి. పండగ రోజు క్లినిక్కులు మూసేస్తారు కాబట్టి, రాత్రిళ్లు కూడా తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో ముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. 1962 నంబరుకి వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెల కోసం. పల్లెలో ఉంటే అడిగి చూడండి, సిటీలో మాత్రం దాన్నే నమ్ముకోవద్దు.

ఇల్లు కడగడానికి మామూలు ఫినాయిల్ చాలదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫై పాళ్లు నీళ్లు కలిపి, నేలని పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. ఈ వైరస్ నెలల తరబడి నేలలో బతుకుతుంది. అందుకే ఆ ఇంటికి టీకాలు పూర్తికాని మరో పిల్లని వెంటనే తేకూడదు.

టీకాల సంగతి: డాక్టర్లు సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అనే టీకాల్ని (పార్వోతో సహా చాలా జబ్బులకి కలిపి ఒకే ఇంజక్షన్) ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి ఇస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకి. ఒక్క ఇంజక్షన్ చేయించి అయిపోయిందనుకోకండి. చెవి కొస కొంచెం కత్తిరించి ఉన్న పెద్ద కుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఆ సమయంలో రేబిస్ టీకా కూడా వేస్తారు, కానీ అది ఎప్పుడో తెలియదు కాబట్టి మళ్లీ వేయించడమే మంచిది.

ఇంకో చిన్న మాట. నెల తర్వాత కుక్క డీలాపడి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం కారితే అది గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు. డెంగీలాగే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తపరీక్షతో తెలుస్తుంది, మందులున్నాయి.

టపాసు పేలితే వణుకు, చొంగ, గోడ గీకడం, బాత్రూమ్‌లో దాక్కోవడం

ఎందుకు: మన చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి దాదాపు 45,000 దాకా, పిల్లి చెవి 64,000 దాకా వింటుంది. అయితే అసలు బాధ, ఆ మోత ఎప్పుడు వస్తుందో, ఎటునుంచి వస్తుందో తెలియకపోవడం. వీధిలో పెరిగినదే కదా, అలవాటై ఉంటుంది అంటారు. వీధిలో ఉన్నప్పుడు పారిపోవడానికి దారి ఉండేది, ఇప్పుడు మీ ఇంట్లో దారి లేదు. పైగా ఏడాదికేడాది భయం పెరుగుతుంది తప్ప దానంతటదే తగ్గదు.

దీపావళి రాత్రి 8 నుంచి 10 మధ్యే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా ఉప్పల్‌లో మాత్రం దసరా వెళ్లిన మర్నాటి నుంచే మొదలు. కాబట్టి మీ ఏర్పాట్లు ఒక్క రాత్రికి చేసుకుంటే సరిపోదు.

చీకటి పడకముందే బయటికి తిప్పి తీసుకురండి, ఆరింటికల్లా కడుపునిండా పెట్టేయండి. వీధివైపు కిటికీలు లేని లోపలి గదిని ఎంచుకోండి. కిటికీ ఉంటే మందపాటి దుప్పటి వేలాడదీయండి. ఫ్యాను ఫుల్లు, టీవీ ఓ మోస్తరు సౌండు. మోతని ఇవి పూర్తిగా ఆపవు, కానీ ఉలిక్కిపాటు తగ్గుతుంది. అది బాత్రూమ్‌లోనే ఉంటానంటే ఉండనివ్వండి, లోపల పాత చీర పరవండి. పిల్లికి ఇసుక డబ్బా, నీళ్లు అదే గదిలో పెట్టాలి.

దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని మా మావయ్యగారు గట్టిగా వాదించారు. భయం అల్లరి లాంటిది కాదు, బుజ్జగిస్తే పెరగదు. అది మీ ఒళ్లోకి వస్తే నిశ్చింతగా పట్టుకోండి. రాకపోతే బలవంతపెట్టకండి. "ధైర్యం రావాలి" అని బాల్కనీలోకి తీసుకెళ్లి చిచ్చుబుడ్డి చూపించడం మాత్రం శుద్ధ మూర్ఖత్వం.

తీవ్రంగా భయపడే కుక్కకి మందులు వాడటంలో తప్పు లేదు. పండగకి కనీసం వారం ముందు డాక్టరుని కలవండి. గాబపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి కుక్క బరువు చూసి రాస్తారు. ఏ మోతా లేని రోజు ఒక మోతాదు వేసి, ఎలా పడుతుందో చూడాలి. ఏసిప్రోమజిన్ ఒక్కటే రాస్తే కారణం అడగండి: అది ఒళ్లు కదలకుండా చేస్తుంది, లోపలి భయం అలాగే ఉండిపోతుంది. మీ ఇంట్లో నిద్రమాత్ర ముక్క చేసి వేయడం వద్దే వద్దు. టపాసుల శబ్దం రికార్డింగ్ చిన్నగా పెట్టి, తినిపిస్తూ అలవాటు చేసే పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ దానికి నెలలు పడుతుంది, వేసవిలో మొదలుపెట్టాలి.

మర్నాడు పొద్దున తిప్పేటప్పుడు నేల చూసుకోండి. కాకరపువ్వొత్తి తీగలు పాదాల్లో గుచ్చుకుంటాయి. పేలని టపాసు నమిలితే అందులోని బేరియం లాంటి రసాయనాలు విషం. కాలితే చన్నీళ్లు పోస్తూ ఉండండి, టూత్‌పేస్టూ పసుపూ పూయకండి.

తలుపు తీశారు, తుర్రుమంది

మాకు జరిగింది ఇదే. స్వీట్ల డబ్బా ఇవ్వడానికి ఎవరో వచ్చారు, అదే క్షణంలో కింద లక్ష్మీబాంబు పేలింది. చుక్కమ్మ మెడ వెనక్కి లాగింది, బెల్టు నా చేతిలో మిగిలింది. తెల్లవారుజామున నాలుగున్నరకి పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ వెనక కనిపించింది. మేం మాత్రం మూడు కిలోమీటర్లు తిరిగాం.

భయపడ్డ కుక్క వెనక్కి నడుస్తూ మెడ బెల్టుని ఇట్టే వదిలించుకుంటుంది. నాటు కుక్కల తల సన్నం కాబట్టి ఇంకా సులువు. పండగ రోజుల్లో ఛాతీకి తొడిగే హార్నెస్, దానితోపాటు బెల్టు రెండూ వేసి రెంటికీ లీషు తగిలించండి. ఇంట్లో ఉన్నా బెల్టుకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఉండాలి. తలుపు తీసేముందు కుక్కని గదిలో పెట్టి గడియ వేయండి.

పోయాక అయితే ముందు దగ్గర్లోనే వెతకండి: సెల్లార్లు, ఆగి ఉన్న కార్ల కింద, మెట్ల కింద. పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తితే ఇంకా బెదురుతుంది. కనిపించాక ఎదురుగా వెళ్లకుండా పక్కకి తిరిగి కింద కూర్చోండి, తినేదేమైనా విసరండి. వాచ్‌మన్‌కీ, పొద్దున్నే రోడ్లు ఊడ్చేవాళ్లకీ ఫొటో చూపించండి. వాళ్ల కంటికి ఆనినట్టు ఇంకెవరి కంటికీ ఆనదు. దాన్ని ఏ వీధిలోంచి తెచ్చారో అక్కడా ఒకసారి చూడండి.

పండగ మర్నాడు వాంతులు, మత్తు, కడుపునొప్పి

ఎందుకో తెలియాలంటే వంటింట్లో ఏం వండారో గుర్తు చేసుకోవాలి.

పరమాన్నంలో కిస్‌మిస్. కుక్కల కిడ్నీలు చెడగొడుతుంది. ఎంత తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నాలుగు గింజలేగా అని ఊరుకోకూడదు. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే డాక్టరు కక్కించగలరు. ఉప్పునీళ్లు తాగించి మీరే కక్కించబోతే కొత్త ప్రమాదం వస్తుంది.

ఉల్లి గారెలు, పకోడీలు, బిర్యానీ గ్రేవీ. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఫలితం వెంటనే కాకుండా మూడు నాలుగు రోజులకి కనిపిస్తుంది: చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంది. పిల్లులకి ఇంకా తక్కువ మోతాదే చాలు.

కనుమ నాటి మాంసం ఎముకలు. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే క్లోమం వాస్తుంది. అప్పుడు కుక్క ముందుకాళ్లు నేలకి ఆనించి నడుము పైకెత్తి నిలబడుతుంది. అలా నిలబడిందంటే కడుపులో నొప్పి ఉన్నట్టే, డాక్టరు దగ్గరికి పదండి.

జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేయకండి. పిల్లికైతే ఒక్క మాత్ర ప్రాణాంతకం.

పిల్లి నోట్లోంచో, వెనకనుంచో దారం వేలాడుతోంది

లాగకండి. మాంజా అయినా, పూలదండ దారమైనా, డెకరేషన్ జిగేలు తీగైనా, రెండో కొస లోపల చిక్కుకుని ఉంటే లాగినప్పుడు పేగు కోసుకుపోతుంది. కదలకుండా తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, సంక్రాంతికి మాత్రం ఇప్పటికీ మేడల మీద దొరుకుతూనే ఉంటుంది. కుక్క కుంటితే వేళ్ల మధ్య చూడండి. కాలికి చుట్టుకుని ఉంటే కత్తెరతో తెంపండి, రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో ఐదారు నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి.

చుట్టాల పిల్లాడి మీద గుర్రుమంది

గుర్రుమన్నందుకు కొట్టకండి. అది "ఇంక దగ్గరికి రావద్దు" అని చెప్పే మాట. ఆ మాట మాన్పించారా, ఇంకోసారి చెప్పకుండా కరుస్తుంది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి వెళ్లనివ్వకండి. ఇల్లు నిండితే దాన్ని వేరే గదిలో పెట్టండి, పెద్ద మనిషి లేకుండా పిల్లల్నీ దాన్నీ కలిపి వదలకండి. పిల్లాడికైనా మీకైనా పన్ను దిగినా, గోరు గీరినా సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. మన కుక్కకి టీకా అయిందిలే అని ఆగకండి, ఆ నిర్ణయం డాక్టరుది.

సంక్రాంతికి ఊరెళ్లాలి, దీన్నేం చేయాలి

తీసుకొచ్చి మూడు నెలలు కాకపోతే నా సలహా: ఒకరు ఆగిపోండి. అది కుదరకపోతే, దానికి ఇదివరకే తెలిసిన మనిషిని మీ ఇంట్లో ఉండమనండి. డాగ్ బోర్డింగ్ అయితే ముందు ఒక రాత్రి ఉంచి చూడండి, టీకా కార్డు అడగని చోట వదలకండి. అడగలేదంటే అక్కడున్న మిగతా కుక్కల్నీ అడగలేదన్నమాట.

రైల్లో అయితే స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో కుక్కని ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే (రెండు బెర్తుల గది) గానీ క్యాబిన్ (నాలుగు బెర్తుల గది) గానీ మొత్తం మనదైతే మనతో ఉండొచ్చు. లేకపోతే గార్డు పెట్టెలోని డాగ్ బాక్సులో వేయాలి, బెదురు కుక్కకి అది నరకం. రెండింటికీ పార్సిల్ ఆఫీసులో బుకింగ్ ఉంటుంది, టీకా కార్డు, డాక్టరు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. సంక్రాంతి వారంలో కూపే దొరకడం మన రాత మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, చాలామంది చివరికి కారే కట్టుకుంటారు. కారైతే బయల్దేరే మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపేయండి, రెండు గంటలకోసారి ఆపండి. ఆపిన ప్రతిసారీ డోరు తీయకముందే లీషు చేతిలో ఉండాలి.