గిట్, సబ్‌వర్షన్ బ్రాంచ్‌లు కలిపే ముందు జాగ్రత్తలు

గిట్, సబ్‌వర్షన్ అంటే కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే రెండు వేర్వేరు సాధనాలు; బ్రాంచ్ అంటే అసలు కోడ్‌కు పక్కన విడిగా సాగే మార్పుల దారి. నెల్లూరులో గిట్‌తో, ఒంగోలులో సబ్‌వర్షన్‌తో ఒకే కోడ్ మీద పనిచేసే జట్ల కోసం ఇది.

• కమిట్ కాని (నమోదు చేయని) మార్పు ఒక్కటీ మిగలకూడదు. ఆ తర్వాత 'గిట్ ఎస్‌వీఎన్ రీబేస్' (గిట్ నుంచి సబ్‌వర్షన్‌తో పనిచేయించే ఆదేశాల్లో ఒకటి) చేసి అవతలివాళ్ల మార్పులు తెచ్చుకోండి. బ్యాకప్ బ్రాంచ్ తీసిపెట్టుకోండి.

• అసలు ప్రమాదం డీకమిట్ (గిట్‌లోని కమిట్‌లను సబ్‌వర్షన్‌కు పంపే ఆదేశం) దగ్గరే. సబ్‌వర్షన్‌లో ఉన్న ఫీచర్ బ్రాంచ్‌ను ట్రంక్‌లోకి (ప్రధాన కోడ్‌లోకి) ఫాస్ట్-ఫార్వర్డ్‌గా, అంటే విడిగా మెర్జ్ కమిట్ లేకుండా కలిపితే, డీకమిట్ ట్రంక్‌కు కాకుండా ఆ ఫీచర్ బ్రాంచ్‌కే వెళ్లిపోతుంది. కాబట్టి 'నో-ఎఫ్ఎఫ్' (ఫాస్ట్-ఫార్వర్డ్ వద్దని చెప్పే ఆప్షన్) పెట్టి కలపండి. డీకమిట్‌కు ముందు 'డ్రై-రన్' (నిజంగా పంపకుండా చేసే పరీక్ష) తప్పనిసరి. అది చూపించే అడ్రస్‌లో ట్రంక్ అని ఉందో లేదో కళ్లారా చూడండి. నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

• గిట్‌లో కలిపిన సంగతి సబ్‌వర్షన్‌కు తెలియదు. ఏవేవి కలిశాయో సబ్‌వర్షన్ గుర్తుపెట్టుకునే మెర్జ్‌ఇన్ఫోను (2008లో సబ్‌వర్షన్ 1.5తో వచ్చింది) డీకమిట్ తనంతట తాను రాయదు. 'మెర్జ్‌ఇన్ఫో' ఆప్షన్ ఇవ్వండి, లేదంటే ఒంగోలు వాళ్లు అవే మార్పులు మళ్లీ కలపబోయి చిక్కుల్లో పడతారు.

• డీకమిట్ తర్వాత కమిట్ హ్యాష్‌లు (ఒక్కో కమిట్‌కు గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) మారతాయి. ఆ బ్రాంచ్‌ను ముందే ఎవరికీ పుష్ చేయకండి (పంపకండి).

• కమిట్‌లు ఒక్కొక్కటిగా వెళ్తాయి. మధ్యలో నెట్ పోతే సగమే చేరతాయి. నవంబర్ వానల్లో అయితే కరెంటు నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.