చిన్నాయన సంతకం పెట్టేముందు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నా. అయినా, మా చిన్నాయనకు ఏఎంఎల్ బ్లడ్ క్యాన్సర్ అని తేల్చి, బెంగళూరు డాక్టరు "రెండు మందులు కలిపి ట్రయల్ చేస్తున్నాం, చేరతారా?" అని కాగితాల కట్ట చేతికిస్తే నా నోరెండిపోయింది. మీకూ అట్లాంటి కట్ట వస్తే ఇట్లా చదవండి.

ముందు జన్యు పరీక్ష రిపోర్టు అడగండి. ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువు మారి ఉంటే దాన్ని ఆపేది ఆ రెండు మందుల్లో ఒకటైన గిల్టెరిటినిబ్. రెండోదైన వెనెటోక్లాక్స్ పని వేరే: క్యాన్సర్ కణాన్ని చావనీకుండా కాపాడే బీసీఎల్-2 ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఒక దారి మూస్తే ఆ కణం ఇంకో దారి వెతుక్కుంటుంది, అందుకే కలిపి చూడటం.

తర్వాత ఏ దశో చూడండి. మొదటి దశ అంటే ఎంత డోసు తట్టుకుంటారో చూసేది, అక్కడ గ్యారంటీలు వెతకొద్దు. మూడో దశలో ఇప్పుడున్న వైద్యంతో పోలుస్తారు. ఎవరికి ఏది వస్తుందో లాటరీనే. గట్టి కీమో తట్టుకోలేని రోగుల మీద జరిగి 2020లో ఫలితాలొచ్చిన ట్రయల్‌లో, అజాసైటిడిన్ అనే మందు ఒక్కటే వాడినవాళ్లలో సగం మంది 9.6 నెలలు దాటి బతికారు, వెనెటోక్లాక్స్ కలిపితే 14.7 నెలలు. "ఐదు నెలలేనా!" అని చిన్నమ్మ ఏడ్చింది. ఆ లెక్క ముందే తెలియడం మేలని నాకనిపించింది.

ఇక ఇంట్లో మందుల సంగతి. కలిపి ఇస్తే రక్తకణాలు బాగా పడిపోతాయి, జ్వరమొస్తే ఆ రాత్రే ఆసుపత్రికి పోవాల. చిన్నాయన నోట్లో తెల్లపూత వస్తే నేనే ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఇవ్వబోయినా. అది వెనెటోక్లాక్స్‌ను రక్తంలో పెంచుతుందట! అదే జాతి పొసకొనజోల్ అయితే మరీను, వెనెటోక్లాక్స్ 400 మిల్లీగ్రాముల డోసును 70కి దించుతారు. షాపు మందైనా, పసరు మందైనా, ట్రయల్ డాక్టరుకు చెప్పకుండా నోట్లో వేయొద్దు.

దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్టరు సీటీఆర్ఐలో నమోదు నంబరు, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం కేంద్ర ప్రభుత్వ 2019 నిబంధనల్లోనే ఉన్నాయి. నడుమ మానుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. బస్సు ఛార్జీలు ఇస్తారా అని సిగ్గుపడకుండా అడగండి.

చిన్నాయన మాత్రం ఒకటే అడిగినాడు: "శెనక్కాయ పీకేటప్పుడు ఒక వారం రాకుంటే?" కుదరదన్నాడు డాక్టరు. ఊరికొచ్చి చేను కౌలుకిచ్చి, మరుసటి వారం పోయి సంతకం పెట్టినాడు.