బలమైన యాక్సిల్ వేస్తున్నారా? పాతది విప్పకముందే ఇవి చూసుకోండి

పెద్ద టైర్లు వేసి, లాకర్ (రెండు పక్కల చక్రాలూ కలిసి తిరిగేలా చేసేది) బిగించి బండిని రాళ్ల మీదికి ఎక్కించాక యాక్సిల్ షాఫ్ట్ టప్పుమని విరగడం ఆఫ్‌రోడ్ వాళ్లకి కొత్త కాదు. అప్పుడే డానా 30 యాక్సిల్ తీసేసి అంతకంటే బలమైన డానా 44 వేద్దామని, ఇంకాస్త ధైర్యముంటే డానా 60కే వెళ్దామని అనిపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఈ పనిలో గొడవంతా యాక్సిల్‌కి తగిలించే బ్రేకులు, స్టీరింగు, ప్రొపెల్లర్ షాఫ్టుల దగ్గరే వస్తుంది. వాటి లెక్క తేలాకే స్పానర్ పట్టుకోండి.

ముందు చక్రాల యాక్సిల్ కొంటుంటే డిఫరెన్షియల్ (మధ్యలో గేర్లుండే గుండ్రటి భాగం) ఏ పక్కకి ఉందో చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ పెట్టె) నుంచి షాఫ్ట్ ఏ పక్కన బయటికొస్తుందో, అదీ ఆ పక్కనే ఉండాలి. ఎడమదాన్ని కుడికి తేవాలని హౌసింగ్‌ని తలకిందులు చేస్తే చక్రాలు వెనక్కి తిరుగుతాయి! తర్వాత టేపు పట్టి రెండు కొలతలు తీసుకోండి: ఒక చక్రం ఆనే ముఖం నుంచి రెండో చక్రం ఆనే ముఖం దాకా, ఒక కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు) మధ్య నుంచి రెండో కట్ట మధ్య దాకా. యాక్సిల్ ఇరుకైతే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు కమానుకు రాసుకుంటుంది, వెడల్పైతే మడ్‌గార్డు దాటి బయటికొస్తుంది. డానా 60కి సాధారణంగా 8 బోల్టుల వీల్ ఉంటుంది కాబట్టి రిమ్‌ల ఖర్చు కూడా కలుపుకోండి.

గేర్ రేషియో విషయంలో అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. కవర్ విప్పి క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు లెక్కపెట్టండి. 41కి 11 అయితే 3.73, 41కి 10 అయితే 4.10. కవర్ విప్పనివ్వకపోతే, లాకర్ లేని యాక్సిల్‌కి ఇంకో దారి ఉంది. పినియన్ మీద సుద్దతో గీత పెట్టి, ఒక హబ్‌ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ముందూ వెనకా 4.10, 4.11 ఉంటే ఫర్వాలేదు. 3.73, 4.10 కలిపితే మాత్రం ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద నడిపినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోతుంది.

పెద్ద డిస్క్ బ్రేకులకి పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్ తోసేది) చాలకపోవచ్చు, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఏబీఎస్ ఉన్న బండికి సెన్సర్ రింగ్ లేని యాక్సిల్ వేస్తే ఏబీఎస్ పని చేయదు. కొన్ని బండ్లలో స్పీడోమీటరు కూడా ఆగిపోతుంది.

విప్పేటప్పుడు స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టండి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. బరువంతా డిఫరెన్షియల్ వైపే ఉంటుంది కాబట్టి ఒకే జాకీ మీద ఆనించిన యాక్సిల్ గిర్రున తిరిగి దొర్లిపోతుంది. రెండు జాకీలు, తోడుగా ఒక మనిషి తప్పనిసరి. యాక్సిల్‌ని కమానుకి కట్టే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగి ఉంటాయి.

కమాను ఆనే ప్లేట్లని కొత్త యాక్సిల్‌కి వెల్డ్ చేయాల్సి వస్తే, దానికి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, ఎర్త్ క్లాంపుని వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లో పెట్టండి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. ఒకేసారి పొడవుగా వెల్డ్ వేస్తే యాక్సిల్ ట్యూబు వంగుతుంది. కాస్త వేసి, చల్లారనిచ్చి, అవతలి పక్క కాస్త వేయాలి. అన్నిటికంటే ప్రమాదం బ్రేక్ క్లీనర్. క్లోరిన్ ఉన్న రకంతో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆరిందిలే అనుకోవద్దు, అసలు ఆ రకం వెల్డింగ్ దరిదాపుల్లోకే రానివ్వకండి.

ఆ ప్లేట్లని ముందు చుక్కలతో అతికించి, బండి బరువు చక్రాల మీదికి దించాక పినియన్ కోణం చూసి, అప్పుడే పూర్తిగా వెల్డ్ చేయండి. ముందు చక్రాల యాక్సిల్‌తో ఒక చిక్కుంది. పినియన్‌ని పైకి తిప్పితే క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, స్పీడులో స్టీరింగ్ అటూ ఇటూ పోతుంది. ఫ్రీ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్ నుంచి విడదీసేవి) ఉంటే రోడ్డు మీద ముందు షాఫ్ట్ తిరగదు కాబట్టి నేనైతే క్యాస్టర్‌కే ఓటేస్తాను. బ్రేక్ హోసుల్ని మాత్రం సస్పెన్షన్ పూర్తిగా వేలాడేసి, స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు.

కొత్త క్రౌన్ పినియన్ వేయిస్తే మొదటి 20, 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా కొన్నిసార్లు చేసేదాకా బరువులు లాగొద్దు, రాళ్లెక్కొద్దు. మొదటి ప్రయాణం అవగానే యూ బోల్టులు, వీల్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించండి. సుమారు 800 కిలోమీటర్లకి గేర్ ఆయిల్ మార్చేయండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు ముద్ద అంటితే మామూలే, గోరంత ముక్కలు కనిపిస్తే మాత్రం కవర్ విప్పాల్సిందే.