లండన్‌లో రంగస్థల ఆహార్యం చదవడానికి వచ్చేవారికి కొన్ని సూచనలు

నాటకం, నృత్యం, ఒపెరా వంటి ప్రదర్శన కళలకు దుస్తుల రూపకల్పన నేర్చుకోవాలని తెలుగు రాష్ట్రాల నుంచి లండన్‌కు వచ్చే విద్యార్థులు, కంప్యూటర్ చదువులకు వచ్చేవారితో పోలిస్తే, చాలా కొద్దిమంది. అందువల్ల వారికి పనికివచ్చే సలహా సీనియర్ల నోట దొరకడం కష్టం. దొరికిన సలహా కూడా సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, కందిపప్పు దొరికే దుకాణం దగ్గరే ఆగిపోతుంది. ఈ సూచనలు ప్రధానంగా యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ లండన్‌కు చెందిన లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో చేరేవారిని దృష్టిలో ఉంచుకొని రాసినవి. అదే విశ్వవిద్యాలయంలోని వింబుల్డన్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లోనో, రాయల్ సెంట్రల్ స్కూల్ ఆఫ్ స్పీచ్ అండ్ డ్రామాలోనో చేరేవారికి కూడా ఇవి చాలావరకు వర్తిస్తాయి.

లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్ 2023లో తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌కు, క్వీన్ ఎలిజబెత్ ఒలింపిక్ పార్కులో కట్టిన కొత్త భవనానికి మారింది. అంతకు ముందు నగరంలో పలుచోట్ల చెదిరి ఉండేది కనుక, ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్న విషయంలో ఆనాటి విద్యార్థులు చెప్పే సలహాలు ఇప్పుడు పనికిరావు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. షేక్‌స్పియర్ పుట్టిన ఊరు, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఉన్న ఊరు అయిన స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్ ఇది కాదు. అది ఇక్కడికి సుమారు 100 మైళ్ల దూరంలో ఉంది. ఆ కంపెనీ తన పాత దుస్తులను అద్దెకు ఇస్తుంది కాబట్టి అక్కడికి కూడా మీరు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే అవకాశం ఉంది, కానీ రైలు టికెట్టు కొనేటప్పుడు రెండింటినీ కలిపేసుకోకండి.

ఫ్యాషన్ డిజైనింగ్ చదివి ఇక్కడికి వచ్చినవారు మొదటి టర్మ్‌లో తడబడేది చదువు స్వభావం దగ్గరే. హ్యాంగర్‌కు వేలాడుతున్నప్పుడు అందంగా ఉన్న దుస్తులకు ఇక్కడ పెద్ద విలువ లేదు. ఆ దుస్తులు ఎవరు వేసుకుంటారు, కథలో అప్పటికి ఆ పాత్ర ఏ స్థితిలో ఉంది, వాటితో మెట్లు ఎక్కాలా, కింద పడాలా, పాడాలా, ఎంత సమయంలో విప్పి మరొకటి వేసుకోవాలి, ఇరవయ్యో వరసలో కూర్చున్న ప్రేక్షకుడికి అందులో ఏమి కనిపిస్తుంది అన్న ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండాలి. ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. నాట్యశాస్త్రం ఆహార్యాన్ని నాలుగు అభినయాలలో ఒకటిగా లెక్కించింది, అంటే వేషం కూడా నటనలో భాగమే. కూచిపూడి దుస్తులను చూడండి. చీరను కత్తిరించి కుట్టి, కాళ్ల మధ్య కుచ్చెళ్లను విసనకర్రలా అమర్చడం వల్ల నర్తకి మోకాళ్లను పక్కలకు వంచి అరమండిలోకి దిగగానే అవి విచ్చుకుంటాయి, లేవగానే ముడుచుకుంటాయి; శరీరం కదిలితే తప్ప ఆ కుట్టు పని అర్థం కాదు. ట్యూటర్లు మీ నుంచి కోరేది ఇటువంటి ఆలోచననే కాబట్టి, మొదటి వారాల్లోనే మీకు బాగా తెలిసిన ఒక ప్రదర్శన రూపాన్ని ఈ దృష్టితో విడమరచి రాసుకోవడం ఉపయోగపడుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. భారతదేశం నుంచి వచ్చిన విద్యార్థి అనగానే ప్రతి ప్రాజెక్టులోనూ జరీ, ఎర్రరంగు, దేవతా కిరీటాలు తెస్తారని చుట్టూ ఉన్నవారు ఎదురుచూస్తారు, మొదట్లో మెచ్చుకుంటారు కూడా. ఆ మెచ్చుకోలుకు అలవాటు పడితే రష్యన్ రచయిత చెహోవ్ నాటకానికీ, సమకాలీన నృత్యానికీ, కథే లేని ప్రదర్శనకూ దుస్తులు చేయగలరన్న సంగతి మీ పోర్ట్‌ఫోలియోలో కనిపించకుండా పోతుంది. మన సంప్రదాయం మీద ఒక ప్రాజెక్టు లోతుగా చేయడం మంచిది. అన్నీ దాని మీదే చేయడం, నా అభిప్రాయంలో, నష్టం.

మార్కులు తుది దుస్తులకే కాక అక్కడికి చేరిన దారికి కూడా పడతాయి. పరిశోధన, తొలి గీతలు, వదిలేసిన ఆలోచనలు, రంగుల నమూనాలు, చవకైన కాలికో అనే ముతక నూలు గుడ్డతో కుట్టి చూసే నమూనా (దీన్ని ట్వాల్ అంటారు), దాని మీద పెన్నుతో గీసిన దిద్దుబాట్లు, ఫిట్టింగ్ ఫొటోలు అన్నీ స్కెచ్‌బుక్‌లో తేదీలతో ఉండాలి. మన చదువుల్లో చిత్తుప్రతిని పారేసి శుభ్రప్రతిని మాత్రమే చూపించే అలవాటు బలంగా నాటుకుపోయింది. ఇక్కడ ఆ అలవాటు మీ మార్కులనే తినేస్తుంది. ఆలోచనకు ఆధారమైన చిత్రాలను కూర్చే మూడ్‌బోర్డులో పెట్టిన ప్రతి చిత్రం ఎక్కడిదో రాయాలి. ఇంటర్నెట్‌లో దొరికిందని రాస్తే సరిపోదు, ఆ చిత్రకారుడు లేదా ఫొటోగ్రాఫర్ పేరు, ఆ వస్తువు ఉన్న మ్యూజియం వెతికి పట్టుకోవాలి.

వర్క్‌షాపులో ఏ యంత్రాన్ని ముట్టుకోవాలన్నా ముందు దాని ఇండక్షన్, అంటే వాడే పద్ధతి నేర్పే తొలి శిక్షణ, పూర్తి చేయాలి. ఇంట్లో పదేళ్లుగా కుట్టు మిషన్ తొక్కినవారికి కూడా మినహాయింపు ఉండదు కనుక, ఇండక్షన్ తేదీలు ప్రకటించిన వెంటనే పేరు నమోదు చేసుకోండి. వర్క్‌షాపులను నడిపే టెక్నీషియన్లను ట్యూటర్ల కన్నా కింది మెట్టులో ఉన్నవారుగా భావించే పొరపాటు మనవారిలో కనిపిస్తుంది. కటింగ్, అద్దకం, టోపీల తయారీ వంటి పనుల్లో అసలు జ్ఞానం చాలాసార్లు వారి దగ్గరే ఉంటుంది. ట్యూటర్లనూ టెక్నీషియన్లనూ అందరూ పేరుతోనే పిలుస్తారు; సర్, మేడమ్ అనకపోతే అమర్యాద అవుతుందన్న భయం అక్కరలేదు.

ఫిట్టింగ్ విషయంలో పాటించవలసిన మర్యాదలు మాత్రం కచ్చితమైనవి. కొలతలు తీసేటప్పుడు శరీరంలో ఏ భాగాన్ని తాకబోతున్నారో ముందే చెప్పి, నటి లేదా నటుడు ఒప్పుకున్నాకే టేపు పెట్టాలి. ఏ లోదుస్తులతో రావాలో ముందే రాసి పంపాలి, బట్టలు మార్చుకోవడానికి తెర ఉన్న చోటు చూపాలి, కొలతలను ఇతరుల ముందు పైకి చదవకూడదు, శరీరం గురించి పొగడ్తగానైనా వ్యాఖ్యానించకూడదు. మగవారి కాలి లోపలి కొలత తీయడానికి ఆడపిల్లలూ, ఆడవారి ఛాతీ కొలత తీయడానికి మగపిల్లలూ మొదట సంకోచిస్తారు. పని భాషలో, నెమ్మదిగా, ఒకే క్రమంలో కొలిస్తే ఎదుటివారికి కూడా ఇబ్బంది ఉండదు. కుట్టు దగ్గర ఒక్క విషయం మీకు సులభంగా అర్థమవుతుంది. మన దర్జీలు జాకెట్టు లోపల తరవాత వదులు చేసుకోవడానికి గుడ్డ వదిలిపెట్టినట్టే, రంగస్థల దుస్తులకు కూడా లోపల ఉదారంగా గుడ్డ వదులుతారు, ఎందుకంటే అవే దుస్తులు రేపు మరొక నటుడికి సరిపోవాలి.

ఊరి నుంచి ఏమి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం కొంచెం పిసినారిగానే ఉంటుంది. కుట్టు మిషన్ తేవద్దు. ఇక్కడ కూడా విద్యుత్తు 230 వోల్టులే అయినా ప్లగ్గు వేరు, బరువుకు కట్టే డబ్బుతో ఇక్కడే పాత మిషన్ కొనుక్కోవచ్చు. కాలికో గుడ్డ కూడా తేవద్దు. మీ చేతికి అలవాటైన కత్తెర తెచ్చుకుంటే చెక్-ఇన్ సామానులో పెట్టండి. మంగళగిరి, పోచంపల్లి, గద్వాల నేతల చిన్న ముక్కలు, కలంకారీ నమూనాలు, రకరకాల జరీ, మగ్గం వర్క్ సూదులు తప్పక తెచ్చుకోండి. మనం మగ్గం వర్క్ అని పిలిచే పనికి దగ్గరి చుట్టమైన ఎంబ్రాయిడరీని ఇక్కడ టాంబూర్ అంటారు. అది చేతికి వచ్చినవారికి తరగతిలో గౌరవం ఉంటుంది.

గుడ్డల కోసం గోల్డ్‌హాక్ రోడ్డు, సోహోలోని బెర్విక్ స్ట్రీట్, వాల్తమ్‌స్టో మార్కెట్ చూడండి. బెర్విక్ స్ట్రీట్‌లో ధరలు ఎక్కువ, కానీ పట్టు, ఉన్ని నాణ్యత ఎలా ఉండాలో చేతితో తెలుసుకోవడానికి ఒకసారి వెళ్లాలి. చీరల అంచులు, జరీ వంటివి అప్టన్ పార్కులోని గ్రీన్ స్ట్రీట్‌లో దొరుకుతాయి. కొనే ముందు చిన్న నమూనా ముక్క అడిగి తీసుకొని, కాలేజీలో లైట్ల కింద చూసి, ఆ తరవాతే మీటర్ల లెక్క చెప్పండి. గుడ్డ పన్నా ఇక్కడ తరచుగా 140 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, 44 అంగుళాల పన్నాకు అలవాటైనవారు మీటర్ల అంచనాను మళ్లీ వేసుకోవాలి. వీసా కోసం లండన్‌లో జీవన ఖర్చులకు నెలకు 1,529 పౌండ్ల చొప్పున చూపించమంటారు (2025 నవంబరు నుంచి అమలులో ఉన్న లెక్క ఇది). ఆ లెక్కలో గుడ్డల ఖర్చు లేదు, తుది ప్రాజెక్టు టర్మ్‌కు విడిగా డబ్బు దాచుకోండి.

రంగుల పని వేసవిలోనో, శరదృతువు తొలి వారాల్లోనో ముగించుకోవడం మేలు. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు, మధ్యాహ్నం భోజనం అయ్యాక అద్దిన రంగును పగటి వెలుతురులో చూసే అవకాశం ఉండదు. పొడి రంగులను మాస్కు లేకుండా కలపకండి, అద్దె ఇంటి వంటగదిలో అసలే కలపకండి. కొత్త దుస్తులను ఏళ్లపాటు వాడినట్టు అరగదీసే పనిని ఇక్కడ బ్రేకింగ్ డౌన్ అంటారు; గరుకు కాగితం, తురుము పీట, రంగు స్ప్రేతో చేసే ఈ పని ప్రత్యేక నైపుణ్యం. ఉతకడానికి వీలుకాని దుస్తుల చెమట వాసన పోగొట్టడానికి వార్డ్‌రోబ్ (దుస్తుల విభాగం) వారు వోడ్కా చల్లడం చూసి కంగారు పడకండి, అది ఇక్కడి నాటకశాలల్లో మామూలే.

కాలేజీకి దగ్గరలోనే, అదే ఒలింపిక్ పార్కు అంచున, 2025 మేలో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారి వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ తెరుచుకుంది. ప్రవేశం ఉచితం. మ్యూజియం భద్రపరచిన వస్తువుల్లో ఐదింటి వరకు ముందుగా ఎంచుకొని, సమయం బుక్ చేసుకుంటే, వాటిని మీ ముందుకు తెచ్చి పెడతారు. పాత దుస్తుల లోపలి కుట్లు చూడడానికి ఇంతకన్నా మంచి చోటు మరొకటి దొరకదు, కానీ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో రాసుకొని వెళ్లకపోతే అక్కడి గంట వృథా అవుతుంది. నాటకాలు చూడడం షేక్‌స్పియర్ కాలపు నాటకశాల నమూనాలో కట్టిన షేక్‌స్పియర్స్ గ్లోబ్‌తో మొదలుపెట్టండి. వేదిక ముందున్న యార్డులో నిలబడి చూసే టికెట్లు అక్కడ అన్నిటికన్నా చవక, పైగా నటులు చేతికందే దూరంలో ఉంటారు. 1997లో ఆ నాటకశాల తెరుచుకున్న తొలి ఏళ్లలో దుస్తుల రూపకర్త జెన్నీ టిరమాని షేక్‌స్పియర్ కాలం నాటి కుట్టు పద్ధతులతో, చేతికుట్టుతో దుస్తులు చేయించారు. లాంబెత్‌లోని స్కూల్ ఆఫ్ హిస్టారికల్ డ్రెస్ వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. అద్దె దుస్తుల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే 1840 నుంచి ఉన్న ఏంజెల్స్ సంస్థ గురించి చదవండి.

ఇంటి విషయానికి వస్తే, ఈస్ట్ హామ్, మేనర్ పార్క్, ఇల్ఫర్డ్ ప్రాంతాల్లో మన తిండి, గుళ్లు, మన భాష మాట్లాడేవారు దొరుకుతారు, కాలేజీ కూడా దగ్గరే. గది చూసేటప్పుడు గుడ్డను పూర్తిగా పరచడానికి నేల మీద చోటుందా, కిటికీ ఎటు వైపు ఉందో చూడండి. ఇద్దరు ముగ్గురు పంచుకునే గదిలో ఇది కుదరదు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగడానికి వీల్లేదు, దానిని ఇంటి యజమాని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో నమోదు చేయాలి. మనవాళ్లే కదా అని రసీదు లేకుండా నగదు ఇవ్వకండి. పూర్తికాల విద్యార్థులకు కౌన్సిల్ టాక్స్ (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) మినహాయింపు ఉంది, దానికి కాలేజీ నుంచి లేఖ తీసుకోవాలి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది సంపాదన. స్టూడెంట్ వీసా మీద టర్మ్ సమయంలో వారానికి 20 గంటల వరకు ఉద్యోగం చేయవచ్చు, కానీ స్వయం ఉపాధి నిషిద్ధం. ఈ రంగంలో పని ఎక్కువగా ఫ్రీలాన్స్ పద్ధతిలోనే దొరుకుతుంది కనుక ఈ నిబంధన మిగతా చదువులవారి కన్నా మీకే ఎక్కువగా తగులుతుంది. ఒక చిన్న నాటక బృందం మీ పనికి ఇన్వాయిస్ పంపమంటే అది స్వయం ఉపాధి. పక్కింటి ఆంటీలకు డబ్బు తీసుకొని జాకెట్లు కుట్టిపెట్టడం కూడా స్వయం ఉపాధే. పండుగ సభల్లో పారితోషికం తీసుకొని కూచిపూడి ఆడడం మరో నిషేధం కిందికి వస్తుంది, ఎందుకంటే ఈ వీసా మీద ప్రదర్శనకారులుగా పని చేయకూడదు. నాటకశాలలో నటులకు దుస్తులు వేసుకోవడంలో సాయపడే డ్రెస్సర్‌గా, జీతం స్లిప్పు ఇచ్చే ఉద్యోగంలో చేరితే ఇబ్బంది లేదు. సందేహం ఉంటే ఒప్పుకోవడానికి ముందే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల సలహా విభాగానికి రాసి, వారి జవాబును దాచుకోండి.

చదువు పూర్తయ్యాక గ్రాడ్యుయేట్ వీసా తీసుకుంటే ఫ్రీలాన్స్ పనికి కూడా అనుమతి ఉంటుంది. బ్యాచిలర్స్, మాస్టర్స్ పూర్తిచేసినవారికి దాని గడువు 2026 డిసెంబరు 31 లోపు దరఖాస్తు చేస్తే రెండేళ్లు, ఆ తరవాత చేస్తే 18 నెలలు. డిజైనర్ పేరుతోనే పని కావాలని పట్టుబడితే ఆ గడువు ఎదురుచూపులోనే గడిచిపోవచ్చు. దుస్తుల విభాగపు సూపర్‌వైజర్‌కు సహాయకులుగానో, కటింగ్ రూములోనో, అద్దకం చేసేవారి దగ్గరో చేరడానికి చివరి టర్మ్‌లోనే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి. ఆ ఉత్తరంతో పాటు మీరు చేతితో చేసిన పని ఫొటోలు రెండు పేజీలకు మించకుండా పంపండి.