ఏడో తరగతి పరీక్ష రిపోర్టు ఇంటికి వచ్చాక ఏం చేయాలి

బెంగళూరులోని మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ నేర్చుకుంటారు, ప్రశ్నపత్రాన్ని మాత్రం ఎక్కువమంది ఇంగ్లీషులో చదివి జవాబు గుర్తిస్తారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బడులు పెట్టించే ప్రామాణిక పరీక్షల రిపోర్టు చేతికి రాగానే ఈ సంగతి మరచిపోయి, అందులోని ఒక్క అంకెను చూసి మురిసిపోవడమో దిగులుపడడమో చేస్తాం. కె.ఆర్. పురం వైపు ఆ తరగతుల పిల్లలకు కొన్నేళ్లుగా లెక్కలు చెబుతున్న అనుభవంతో, ఆ రిపోర్టును ఇంట్లో ఎలా వాడుకోవాలో వివరిస్తున్నాను.

ముందుగా అంకెల అర్థం తెలుసుకోవాలి. పర్సెంటైల్ 62 అని ఉంటే నూటికి 62 మార్కులు వచ్చాయని కాదు, ఆ పరీక్ష రాసిన ప్రతి వందమందిలో సుమారు 62 మంది కంటే మీ బిడ్డ మెరుగ్గా రాసిందని. మార్కుల శాతాన్ని చూసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 30 ప్రశ్నల పరీక్షలో 18 ఒప్పయితే 60 శాతం, 20 ఒప్పయితే దాదాపు 67 శాతం వస్తుంది కాబట్టి, ఊహించి పెట్టిన రెండు జవాబులు తగిలినా శాతం ఏడు పెరుగుతుంది. ఆ మాత్రం తేడాకే ట్యూషన్ మార్చడం, పక్కింటి పిల్లలతో పోల్చడం తగదు.

ఆ అంకె కంటే విలువైనది తప్పుపోయిన ప్రశ్నల జాబితా. క్లాస్ టీచరును అడిగి ప్రశ్నపత్రం తెచ్చుకోండి. పత్రం ఇవ్వరంటే, ఏ పాఠంలో ఎన్ని తప్పులు పోయాయో చూపే పట్టికైనా అడిగి తీసుకుని, ఆ పాఠాల్లోని ప్రశ్నలు పుస్తకం నుంచి ఎంచుకోండి. సెలవురోజు తీరిగ్గా కూర్చుని ఆ ప్రశ్నలే మళ్లీ చేయించండి. సరైన జవాబు మీరు చెప్పకండి, తప్పు వినగానే కసురుకోకండి. ఎలా ఆలోచించిందో పైకి చెప్పమని, చివరిదాకా వినండి.

తర్వాత అదే ప్రశ్నను తెలుగులో అడగండి. నా దగ్గర చదివే ఒక పాప, అను దగ్గర 24 గోళీలు, రాము దగ్గర 15 గోళీలు ఉన్న ఇంగ్లీషు లెక్కలో 'హౌ మెనీ మోర్' అన్న మాట చూడగానే రెండింటినీ కూడేసి 39 అని గుర్తించింది. "రాము కంటే అను దగ్గర ఎన్ని ఎక్కువున్నాయమ్మా?" అని అడిగితే, పెన్సిల్ ముట్టకుండానే తొమ్మిది అంది. ఆ పాపకు తీసివేత చక్కగా వచ్చు, ప్రశ్న అడిగిన తీరే అర్థం కాలేదు. అలాంటి బిడ్డతో ఇంకో వంద తీసివేతలు చేయిస్తే విసుగు తప్ప ఫలితం ఉండదు. 'లెఫ్ట్', 'ఈచ్', 'ఎట్ లీస్ట్' వంటి మాటలు లెక్కలో ఏం అడుగుతున్నాయో చెప్పి, రోజూ రెండు ప్రశ్నలు ఇంగ్లీషులో చదివించి తెలుగులో తిరిగి చెప్పించండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే మార్కులు తగ్గుతాయనుకునే తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బిడ్డకు ఏది రాదో తేల్చుకోవడానికి మన భాషను మించిన సాధనం మీ ఇంట్లో లేదు.

తెలుగులో అడిగినా తప్పే చెబితే, లోపం పాఠంలోనే ఉందని తేలుతుంది. ఈ తరగతుల్లో అది తరచుగా భిన్నాల్లో, దశాంశాల్లో బయటపడుతుంది. 2024 డిసెంబరు 4న దేశవ్యాప్తంగా 3, 6, 9 తరగతులకు పిల్లల అభ్యాస స్థాయిని కొలవడానికి జరిగిన పరఖ్ అనే జాతీయ సర్వేలో ఆరో తరగతి సగటు భాషలో 57 శాతం ఉంటే గణితంలో 46 శాతమే ఉంది. సగం, పావు వంటి మామూలు భిన్నాలను చూపి పోల్చగలిగినవారు ఆ తరగతిలో 29 శాతమే. అందువల్ల ఇక్కడ తడబడే బిడ్డను మందమతి అనడం అన్యాయం.

0.35, 0.4 లలో ఏది పెద్దదంటే చాలామంది పిల్లలు 0.35 అంటారు, ఎందుకంటే వాళ్ల కంటికి 35, 4 కనబడతాయి. పైసల్లో చెబుదామంటే ఈ కాలం పిల్లలు పైసలు చూసి ఎరుగరు కనుక, కుట్టుపనికి వాడే టేపు తీయండి. 0.4 మీటరు అంటే 40 సెంటీమీటర్లు, 0.35 మీటరు అంటే 35. రెండు చోట్లా బిడ్డ చేతనే వేలు పెట్టించండి. 3/8, 1/2 మధ్య తేడాకు ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకుని, ఒకదాన్ని ఎనిమిది సమభాగాలుగా, ఇంకోదాన్ని రెండుగా మడిపించి, మొదటిదానిలో మూడు భాగాలకు, రెండోదానిలో ఒక భాగానికి రంగు వేయించి పక్కపక్కన పెట్టించండి. సూత్రం ఆ తర్వాతే చెప్పండి.

తొందరపాటు తప్పులకు పెద్ద వైద్యం అక్కర్లేదు. జవాబుల వృత్తాలు నింపే ఓఎంఆర్ పత్రం నమూనా మీద నాలుగైదుసార్లు గడియారం పెట్టి రాయిస్తే చాలు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లు, ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటకపోతే, కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం కోసం జరిగే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షను వదులుకోకూడదు. తర్కశక్తికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కోదానికి 90 నిమిషాలు. ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదువు సాగినంతకాలం ఏటా 12,000 రూపాయలు అందుతాయి. తప్పు జవాబుకు మార్కు కోయరు కాబట్టి, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దని బిడ్డకు చెప్పండి.

పేరెంట్స్ మీటింగులో మా అమ్మాయి ర్యాంకెంత అని అడిగేకంటే, తరగతిలో ఎక్కువమంది తప్పు రాసిన ప్రశ్నలు ఏవని అడగండి. తరగతి అంతా ఒకే చోట జారితే ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన బాధ్యత బడిది. దానికి ఇంట్లో బిడ్డను దండించడం తగదు.

చివరిగా, తప్పుపోయిన ప్రశ్నలకు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాలకోసారి అంకెలు మార్చి అదే తరహా ప్రశ్న ఇవ్వండి. వరుసగా మూడుసార్లు సాయం లేకుండా చేసి, ఎందుకలా చేసిందో కూడా చెప్పగలిగినప్పుడు, ఆ ప్రశ్నను బిడ్డ చేతనే కొట్టేయించండి.