ఇత్తడి బందులకు ఎర్ర చారలు: లోపం మరల్లో దొరికింది

మా వీధి తలుపుకున్న ఇత్తడి బందులను ఎన్నిసార్లు తోమినా నెల తిరగకముందే వాటి మరల (స్క్రూల) చుట్టూ ఎర్రటి చారలు దిగుతుండేవి. ఇత్తడి నల్లబడుతుంది, పచ్చని చిలుము పడుతుంది గానీ దానికి ఎర్ర తుప్పు రాదు కదా అన్న అనుమానంతో ఒక మరను ఊడదీసి అయస్కాంతం దగ్గర పెట్టగా అది టక్కున అతుక్కుంది. పైన ఇత్తడి పూత, లోపల ఇనుము. తేమ తగిలే చోట ఇనుము ఇత్తడిని ఆనుకొని ఉంటే, ఇనుము మామూలు కంటే వేగంగా తుప్పు పడుతుంది.

అందుచేత అన్నింటినీ తీసి అసలైన ఇత్తడి మరలు బిగించాను. ఇత్తడి మెత్తనిది కనుక, రంధ్రంలో ముందుగా అదే కొలత ఉక్కు మరను ఒకసారి తిప్పి తీసి, తరువాత ఇత్తడి మరకు కొంచెం మైనం రాసి చేత్తోనే నెమ్మదిగా బిగించాలి. తొందరపడి మొదటి మర తలను విరగ్గొట్టుకున్నాక గానీ ఈ సంగతి నాకు తలకెక్కలేదు. బిగించే ముందే బందులను నిమ్మరసం, ఉప్పుతో రుద్ది, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చాను. పులుపు ఏమాత్రం మిగిలినా మచ్చలు మళ్లీ మొదలవుతాయి. ఆపైన మెత్తని గుడ్డతో పలుచగా మైనం పట్టించాను. తాళం రంధ్రంలో మాత్రం, నూనెకు దుమ్ము అంటుకుంటుంది కనుక, గ్రాఫైట్ పొడి వేశాను.